స్తంభం మీద కీచురాయి

వేసవి వచ్చిందంటే మా ఇంటి తలుపులన్నీ మూసేస్తాను.
ఇనా లోయలో అందరూ గాలికోసం తెరుచుకునే వేళ
మేం చెమటలో నానుతూ చీకట్లో కూర్చుంటాం.
మల్బరీ తోటలో కీచురాళ్లు మొదలెట్టగానే
ఆయన గోడవైపు తిరిగి
దేన్నో కావలించుకున్నట్టు చేతులు బిగిస్తాడు.

పెళ్లయిన కొత్తలో
పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు వింటూ నిద్రపోయేవాడు.
"వాన పడుతోంది తొమే" అనేవాడు, పడకపోయినా.
గూళ్లు మరిగే నీళ్లలో వెయ్యాల్సిన రోజు మాత్రం
ఏదో పని కల్పించుకుని కొండెక్కేవాడు.
మా అత్త నవ్వేది:
"వీడి చేతిలో పట్టు పండదే, జాలి పండుతుంది."

ఎర్ర కాగితం వచ్చిన మర్నాటి నుంచి
స్టేషను మెట్లమీద నిలబడి
దారినపోయే ప్రతి ఆడమనిషినీ ఒక్క ముడి అడిగాను.
వెయ్యి ముళ్ల నడుంపట్టీ కడితే గుండు తగలదట.
పులి ఏడాదిలో పుట్టిన ఒక ముసలమ్మ
తన వయసెంతో అన్ని, అరవైమూడు ముళ్లు వేసింది.
చివరి ముడి నాది. దారం పళ్లతో తెంపాను.

అంతకు మూడేళ్ల ముందు
ఎక్కడో ఏదో నగరం పడిందంటే
లాంతర్లు పట్టుకుని ఊరేగాం.
పడిన నగరంలో ఎవరున్నారని ఎవరూ అడగలేదు.
బియ్యప్పిండి ముద్దలు పంచారు.
తియ్యగా ఉన్నాయి. రెండోది కూడా తీసుకున్నాను.

తిరిగొచ్చాక ఒక్కసారే చెప్పాడు,
మంచు కురిసే రాత్రి, ఏ పురుగూ కూయని రాత్రి.

"తుపాకీ మీద చామంతి ముద్ర ఉంటుంది.
దాని పక్కన నలుసంత దుమ్ము దొరికింది వాళ్లకి.
చక్రవర్తి ఇచ్చినదాన్ని మురికి చేశానని
తోలుచెప్పుతో కొట్టారు.
స్తంభం ఎక్కి కరుచుకుని కీచురాయిలా కూయమన్నారు.
మీన్ మీన్ మీన్.
చేతులు జారేదాకా కూశాను. అందరూ నవ్వారు.
పై వారం కుసుమొతొ, ఆ తాపీవాడు, ఎక్కాడు.
నేను నవ్వాను.
నవ్వడం ఇంత తేలికా అని భయమేసింది తొమే,
తర్వాత ఆ భయమూ పోయింది.

నీ ఖరీదు ఒక పోస్టుకార్డు, అనేవారు.
గుర్రం చస్తే డబ్బు పోసి కొనాలి,
నువ్వు చస్తే ఇంకో కార్డు రాస్తాం.
రోజూ వింటే నిజమే అనిపిస్తుంది.
నాకే ఖరీదు లేనప్పుడు
ఎదుటివాడికి ఎక్కడిది?

షాన్‌షీలో ఒక ఉదయం
ఒకతన్ని చేతులు వెనక్కి విరిచి స్తంభానికి కట్టారు.
ఇది పవిత్ర యుద్ధం, వాణ్ని గడ్డిబొమ్మ అనుకో,
అన్నాడు సార్జెంటు.
అతని వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి.
మల్బరీ పసరు అలాగే నలుపెక్కుతుంది. నాకు తెలుసు.
తెలిసే, గడ్డిబొమ్మ అనుకున్నాను.
రెండోసారికి
అనుకోవాల్సిన అవసరం లేకపోయింది."

కాసేపాగి అన్నాడు:
"నువ్విచ్చిన పట్టీ నడుముకి వెచ్చగా ఉంది, అప్పుడు."

ఆ మాట ఒక్కటీ చెప్పకుండా ఉండాల్సింది.

వెయ్యిమంది ఆడవాళ్లం
ఒక్కొక్కరం ఒక్క ముడే వేశాం.
ఒక్క ముడికి పాపం ఎంత?
లెక్క నాకు రాదు.
ముసలమ్మ అరవైమూడు కలిపినా
వెయ్యికి ఒకటి తక్కువై చివరిదాకా నన్నే చూస్తుంది.

ఇప్పుడు గూళ్లు మరిగే నీళ్లలో ఆయనే వేస్తాడు.
ఆవిరి మొహానికి కొట్టినా కన్నార్పడు.
చెయ్యి వణకదు, పోగు తెగదు.
ఊళ్లో మా పట్టుకే మంచి ధర పలుకుతోంది.

ఆ రోజు కొండెక్కేది
నేను.